సైలెన్సర్ పీకేస్తే లారీకి పుల్లింగ్ పెరుగుతుందా?

లోడు బండి ఘాట్ ఎక్కలేక సెకండ్ గేర్‌లోకి దిగిపోయిందంటే డ్రైవర్ అనుమానం డీజిల్ పంపు మీదకు, పొగ ఊపుతో తిరిగి ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో మీదకు, సైలెన్సర్ మీదకు పోతుంది. పంపు విప్పాలంటే ఖర్చు, టర్బో విప్పాలంటే ఇంకా ఖర్చు. సైలెన్సర్ అయితే రెండు క్లాంపులు, నాలుగు బోల్టుల పని. అందుకే "ముందు సైలెన్సర్ పీకి చూద్దాం" అనే మాట ఆటోనగర్ల నుంచి హైవే పక్కనున్న షెడ్ల దాకా ఎక్కడైనా వినపడుతుంది. అలా పీకిన వాళ్లలో కొందరు దాన్ని మళ్లీ బిగించరు. బండి శబ్దం మారిపోతుంది, "ఇప్పుడు బాగా లాగుతోంది" అనే నమ్మకం కుదిరిపోతుంది, పాత సైలెన్సర్ ఇనుప సామాన్లకు వెళ్లిపోతుంది.

ఆ నమ్మకంలో నిజమెంత, ఇంజన్ ఆరోగ్యం ఏమవుతుంది అని అడిగితే అన్ని లారీలకూ ఒకే జవాబు సరిపోదు. దేశమంతటా బీఎస్-6 అనే వాహన కాలుష్య నిబంధనలు 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మామూలు రేకు సైలెన్సర్‌తో నడిచే పాత బండికి ఒక జవాబు, బీఎస్-6 బండికి పూర్తిగా వేరే జవాబు. పొగను శుభ్రం చేసే యూరియా ట్యాంకుతో వచ్చిన బీఎస్-4 లారీలను కూడా రెండో జాబితాలోనే వేసుకోవాలి. పాత బండి మీద నేర్చుకున్న విద్యను కొత్త బండి మీద ప్రయోగించడం వల్లే ఇప్పుడు ఓనర్లకు పెద్ద దెబ్బలు తగులుతున్నాయి.

ముందు పాత బండి సంగతి చూద్దాం.

డీజిల్ ఇంజన్‌లో మండిన గ్యాసు సిలిండర్‌లోంచి తాపీగా బయటికి రాదు. పిస్టన్ ఇంకా కిందికి దిగుతుండగానే ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకుంటుంది. అప్పటికి లోపల ఇంకా చాలా ఒత్తిడి మిగిలి ఉంటుంది కాబట్టి గ్యాసు ఒక్క ఊపున దూసుకొస్తుంది. ఆరు సిలిండర్ల ఇంజన్ 2400 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే ఇలాంటి ఊపులు సెకనుకు 120. మనకు వినపడే గర్జనంతా ఈ ఒత్తిడి అలలదే. గ్యాసును సాఫీగా పోనిస్తూ ఈ అలలను మాత్రం అణచడమే సైలెన్సర్ పని.

లారీ సైలెన్సర్‌ను నిలువునా కోసి చూస్తే లోపల అడ్డపలకలతో విడగొట్టిన గదులు, ఒళ్లంతా చిల్లులున్న గొట్టాలు కనిపిస్తాయి. అల ఒక గది గోడకు తగిలి వెనక్కి మళ్లి, ఎదురొచ్చే అలను బలహీనపరుస్తుంది. కొన్ని గదులకు గ్యాసు బయటికి పోయే దారే ఉండదు. ఏదో ఒక స్థాయి బొంగురు శబ్దాన్ని తమలోనే చంపేయడానికి వాటిని ఆ కొలతలో కడతారు. కొన్ని సైలెన్సర్లలో చిల్లుల గొట్టం చుట్టూ గ్లాస్ ఊల్ కూరుతారు. అది కీచుగా ఉండే శబ్దాలను పీల్చుకుంటుంది. గ్యాసు ఈ చిల్లుల గుండా, మలుపుల గుండా పోవాలి కాబట్టి కొంత అడ్డు తప్పదు. మెకానిక్కులు బ్యాక్ ప్రెజర్ అనేది ఈ అడ్డునే.

ఈ అడ్డు ఎంత? పాత తరం డీజిల్ ఇంజన్లకు తయారీదారులు సాధారణంగా పెట్టే పరిమితి, పూర్తి లోడు మీద, టర్బో తర్వాత సుమారు 10 కిలోపాస్కల్స్. అంటే మీటరు ఎత్తు నీళ్ల ఒత్తిడి. ఇందులో పైపుల వంపుల వాటా కూడా ఉంటుంది. సైలెన్సర్ ఒక్కటే 5 కిలోపాస్కల్స్ అడ్డు పెడుతోందని అనుకుని లెక్క వేద్దాం. మన రోడ్ల మీద ఒక తరం పాటు నడిచిన టాటా 697 ఇంజన్‌నే తీసుకుంటే దానికి ఆరు సిలిండర్లు, మొత్తం 5.675 లీటర్లు. పిస్టన్లు ఒక్కో చక్రంలో అంత పరిమాణం గ్యాసును 5 కిలోపాస్కల్స్ అడ్డుకు ఎదురుగా నెట్టాలి. దానికి అయ్యే పని సుమారు 28 జౌళ్లు. 2400 ఆర్‌పీఎంలో సెకనుకు 20 చక్రాలు కాబట్టి 570 వాట్ల దాకా వస్తుంది. హార్స్‌పవర్‌లో చెబితే ముప్పాతిక.

టర్బో ఉన్న బండిలో ఈ నష్టం ఇంకొంచెం పెరుగుతుంది. టర్బో తర్వాత ఒత్తిడి పెరిగితే టర్బోకు ముందున్న ఒత్తిడి అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. పూర్తి లోడులో దాన్ని రెట్టింపుగా లెక్కగట్టినా నష్టం ఒకటిన్నర హార్స్‌పవర్ దరిదాపుల్లోనే ఉంటుంది. 130 హార్స్‌పవర్ ఇంజన్‌లో అది నూటికి ఒక వంతు. అది కూడా యాక్సిలరేటర్ నేలకు ఆనించి, గరిష్ఠ వేగంలో తిప్పినప్పుడు. సగం లోడులో, 1500 ఆర్‌పీఎంలో గ్యాసు పరిమాణం బాగా పడిపోతుంది. అడ్డు దాదాపుగా ప్రవాహ వేగం వర్గానికి అనుపాతంలో తగ్గుతుంది కాబట్టి లాభం కొలతకు అందనంత చిన్నదవుతుంది. లారీ రోజులో ఎక్కువ సేపు నడిచేది అలాగే.

టైర్లలో గాలి తక్కువుంటే పోయే పవర్, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో నిండితే పోయే పవర్ ఈ ఒక్క శాతం కంటే చాలా ఎక్కువ. గ్రానైట్ క్వారీల చుట్టూ, సిమెంట్ ఫ్యాక్టరీల దగ్గర తిరిగే బళ్లకు ఫిల్టర్ ఎంత త్వరగా మూసుకుపోతుందో నడిపేవాళ్లకు తెలుసు. పుల్లింగ్ తగ్గిందని సైలెన్సర్ కింద దూరే ముందు ఫిల్టర్ డబ్బా మూత విప్పి చూడటానికి ఐదు నిమిషాలు చాలు.

మరి సైలెన్సర్ తీశాక బండి నిజంగానే బాగా లాగిందని అనుభవం మీద చెప్పేవాళ్లు ఉన్నారు కదా? ఉన్నారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అలాంటి సందర్భాల్లో తరచుగా ఆ సైలెన్సర్ లోపల చెడిపోయి ఉంటుంది. డీజిల్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. పాత డీజిల్‌లో గంధకం ఎక్కువగా ఉండేది. బండి చల్లారినప్పుడు ఆవిరి నీరై, గంధకంతో కలిసి ఆమ్లమై రేకును లోపలి నుంచి తినేస్తుంది. కాకినాడ, విశాఖ, కృష్ణపట్నం వంటి ఓడరేవుల దగ్గర తిరిగే బళ్లకు ఉప్పు గాలి బయటి నుంచి తింటుంది. అడ్డపలక వెల్డింగ్ ఊడి గొట్టం మూతికి అడ్డం పడితే, మసి గడ్డలు చిల్లులను మూసేస్తే, బ్యాక్ ప్రెజర్ పరిమితిని ఎన్నో రెట్లు దాటిపోతుంది. అప్పుడు వాడిన గ్యాసు సిలిండర్‌లోంచి పూర్తిగా బయటికి పోదు, తాజా గాలికి చోటు తగ్గుతుంది, పొగ నల్లబడుతుంది, గ్యాసు వేడి పెరుగుతుంది, టర్బో నెమ్మదిస్తుంది. అలా పూడిపోయిన సైలెన్సర్‌ను తీస్తే బండి లాగక ఏం చేస్తుంది? కానీ దానికి మందు కొత్త సైలెన్సర్. పాతది పూడిపోయింది కాబట్టి ఏ సైలెన్సరూ వద్దనడం తర్కానికి నిలవదు.

పూడిందో లేదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. బండి పూర్తిగా చల్లారాక రబ్బరు సుత్తితో సైలెన్సర్‌ను ఒక చివర నుంచి ఇంకో చివరకు తడుతూ పోవాలి. బాగున్నదైతే అంతటా ఒకే తీరు మోత వస్తుంది. పలక ఊడి ఉంటే లోపల గలగలమంటుంది. తుప్పుతో పల్చబడిన చోట మోత చచ్చినట్టు వస్తుంది, కొన్నిసార్లు సుత్తి కిందే రేకు లొట్ట పడుతుంది. ఇంకా గట్టి రుజువు కావాలంటే టర్బో తర్వాత, సైలెన్సర్‌కు ముందు, పైపు నిటారుగా ఉన్న చోట చిన్న చిల్లు వేసి నట్టు వెల్డింగ్ చేయించాలి. అందులోంచి రెండు మూడు అడుగుల రాగి గొట్టం తీసి, వేడి చల్లారే చోట పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం తగిలించి, దాన్ని యు ఆకారంలో వంచి సగం దాకా నీళ్లు పోస్తే చాలు. రెండు వైపులా నీటి మట్టాల మధ్య ఎన్ని సెంటీమీటర్ల తేడా ఉంటే దాదాపు అన్ని పదో వంతుల కిలోపాస్కల్స్. షెడ్‌లో ఖాళీ బండి మీద ఇంజన్ గరిష్ఠ వేగంలో తిప్పి, సైలెన్సర్ ఉన్నప్పుడు ఒకసారి, విప్పి ఒకసారి చూస్తే దాని వాటా ఎంతో కళ్లకు కనిపిస్తుంది. రోడ్డు మీద లోడుతో వచ్చే అసలు అంకె ఇంతకంటే ఎక్కువే ఉంటుంది, దానికి డయల్ గేజ్ వాడాలి. వందలు ఖర్చయ్యే ఈ పరీక్ష చేయకుండా వేలు పోసి పంపు విప్పేవాళ్లను చూస్తే బాధేస్తుంది. పరీక్ష అయ్యాక ఆ నట్టుకు బోల్టు బిగించి మూసేస్తే సరి, మళ్లీ ఎప్పుడైనా పనికొస్తుంది.

బాగున్న సైలెన్సర్‌ను తీసినా పికప్ పెరిగినట్టు అనిపించడానికి ఇంకో కారణం చెవి. శబ్దం పెరిగితే ఇంజన్ గట్టిగా పని చేస్తున్నట్టు మనసుకు తోస్తుంది. ఘాట్ ఎక్కడానికి పట్టిన సమయం, అదే లోడుతో, గడియారం పట్టి చూసుకుంటే తేడా తేలదు. మైలేజీ విషయంలో ఎదురు ఫలితం కూడా రావచ్చు. కొత్త శబ్దం మోజులో కాలు ఇంకొంచెం లోతుగా తొక్కుతుంది, డీజిల్ ఆ మేరకు ఎక్కువ పోతుంది.

ఇక రెండో వైపు భయాల సంగతి. సైలెన్సర్ తీస్తే "బ్యాక్ ప్రెజర్ పోయి ఇంజన్ చచ్చిపోతుంది", "వాల్వులు కాలిపోతాయి" అనేవాళ్లూ చాలామంది. ఈ మాటలకు మూలం మోటార్ సైకిళ్ల అనుభవంలో ఉంది. 1985 నుంచి 1996 దాకా మన దగ్గర తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బళ్లలో ఎగ్జాస్ట్ గొట్టం ఆకారం ఇంజన్‌లో భాగమే. మధ్యలో ఉబ్బి చివర సన్నబడే ఆ గొట్టం, బయటికి జారిపోబోయే తాజా మిశ్రమాన్ని అల దెబ్బతో తిరిగి సిలిండర్‌లోకి నెడుతుంది. దాన్ని కోస్తే పవర్ ఖాయంగా పడిపోతుంది. టర్బో లేని ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ ఇంజన్లలో కూడా పైపు పొడవుకు, లావుకు ఒక పాత్ర ఉంటుంది. ఒక సిలిండర్ వదిలిన గ్యాసు ఊపు పక్క సిలిండర్‌లోని గ్యాసును లాగడానికి సాయపడుతుంది. పైగా కార్బురేటర్ బండిలో అడ్డు మారితే గాలి, పెట్రోల్ నిష్పత్తి మారి జెట్టు మార్చాల్సి వస్తుంది.

టర్బో డీజిల్ లారీలో ఇవేవీ వర్తించవు. టర్బైన్ చక్రం దాటేసరికి అలల ఊపు చాలావరకు చచ్చిపోతుంది. అందుకే టర్బో బండి సైలెన్సర్ లేకపోయినా టర్బో లేని బండి అంత దారుణంగా అరవదు. డీజిల్ ఇంజన్ ఎప్పుడూ అవసరానికి మించిన గాలితోనే నడుస్తుంది, కాబట్టి గాలి కాస్త ఎక్కువైతే మిశ్రమం పల్చబడి వాల్వులు కాలడం అనే ప్రసక్తి రాదు. డీజిల్ ఎంత పోవాలో పంపులోని ర్యాకు, గవర్నర్ చూసుకుంటాయి. వాటికి సైలెన్సర్ ఉన్నదీ లేనిదీ తెలియదు. చల్లగాలి లోపలికి తన్ని వేడి వాల్వులు వంకర పోతాయనే మాట, సిలిండర్ల నుంచి గ్యాసును పోగుచేసే మానిఫోల్డ్ దగ్గరే గొట్టం కోసేసిన టర్బో లేని ఇంజన్ గురించి అయితే కాస్త ఆలోచించాలి. రెండు మీటర్ల పైపు, దాని ముందు టర్బో ఉన్న లారీకి దానితో పని లేదు. కాబట్టి పాత టర్బో లారీకి సైలెన్సర్ తీస్తే ఇంజన్ లోపలి భాగాలు నేరుగా చెడిపోవు. ఈ మాట ఒప్పుకోవాలి. లేని భయం చెప్పి ఆపాలనుకుంటే, ఆ భయం తప్పని తెలిసిన రోజు నిజమైన హెచ్చరికలను కూడా ఎవరూ వినరు.

నిజమైన హెచ్చరికలు వేరే ఉన్నాయి. మొదటిది టర్బోకు సంబంధించింది. ఇంజన్ రబ్బరు మౌంటుల మీద ఊగుతూ ఉంటుంది, సైలెన్సర్ ఛాసిస్‌కు బ్రాకెట్లతో బిగించి ఉంటుంది. మధ్యలో ముడతల జాలీ పైపు ఆ ఊపును మింగుతుంది. సైలెన్సర్ పీకేసి పైపును గాలికి వదిలేస్తే దాని బరువంతా టర్బో మూతి మీద వేలాడుతుంది. గుంతల్లో పడి లేచే ప్రతిసారీ ఆ పైపు ఊగి, వేడికి ఎర్రబడే పోత ఇనుప హౌసింగ్‌ను వంచాలని చూస్తుంది. మొదట క్లాంపు వదులవుతుంది, తర్వాత గ్యాస్కెట్ పోతుంది, చివరికి ఫ్లాంజ్ చీలుతుంది. కొత్త సైలెన్సర్ ధర మిగుల్చుకోవాలని చూసినవాళ్లు టర్బో హౌసింగ్ కొనాల్సి రావడం ఇలాగే జరుగుతుంది.

రెండోది వేడి. లోడు మీదున్న ఇంజన్ టర్బో దాటి వచ్చే గ్యాసు 400 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. తయారీదారు ఆ గ్యాసును ఎటు వదలాలో చూసుకునే పైపు చివర అమర్చాడు. మధ్యలోనే కోసేస్తే ఆ వేడి ఎదురుగా ఏముంటే దాన్ని కొడుతుంది. ఛాసిస్ వెంట పోయే వైరింగ్ కావచ్చు, గేర్‌బాక్స్ సీలు కావచ్చు, బ్రేకు గాలి పోయే నైలాన్ గొట్టం కావచ్చు. నైలాన్ గొట్టం మెత్తబడి పగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సైలెన్సర్ గదుల్లో ఆగి చల్లారే మసి నిప్పురవ్వలు నేరుగా బయటికి రావడం ఇంకో ప్రమాదం. ఆదిలాబాద్ నుంచి పత్తి, గుంటూరు యార్డు నుంచి మిర్చి బస్తాలు, కోతల తర్వాత వరిగడ్డి మోసే బళ్లు ఎన్ని తిరుగుతాయో తెలిసిందే. పెట్రోల్, డీజిల్ ట్యాంకర్లకు ఎగ్జాస్ట్ ముందు వైపే ఉండాలని, నిప్పురవ్వలను ఆపే స్పార్క్ అరెస్టర్ పెట్టాలని నిబంధనలు ఊరికే పెట్టలేదు.

ఘాట్ రోడ్ల డ్రైవర్లు అడిగే ఇంకో ప్రశ్న, పొగ దారిని మూసి బండి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ పని చేస్తుందా అని. దాని వాల్వ్ సైలెన్సర్‌కు ముందే ఉంటుంది కాబట్టి సైలెన్సర్ ఒక్కటే తీస్తే బ్రేకు బలం తగ్గదు. కానీ పైన చెప్పినట్టు టర్బో మూతి దగ్గర లీకు మొదలైతే వాల్వ్ మూసినా ఒత్తిడి నిలవదు, దిగుడులో ఇంజన్ పట్టు తగ్గిపోతుంది.

వీటన్నిటికంటే ఇంజన్ ఆరోగ్యానికి ఎక్కువ చేటు చేసేది, ఎవరూ లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది. డ్రైవర్ చెవికి బండిలో తేడా వినపడకపోవడం. అనుభవమున్న డ్రైవర్ డాష్‌బోర్డ్ లైటు వెలగడానికి ఎన్నో రోజుల ముందే బండిలో తేడా పట్టేస్తాడు. టాపెట్ గ్యాప్ పెరిగితే వచ్చే టకటక, నాజిల్ కారితే ఒక సిలిండర్‌లో వచ్చే గట్టి కొట్టుడు, టర్బో బేరింగ్ అరుగుతుంటే వచ్చే ఈల, ఇంటర్‌కూలర్ గొట్టం చీలితే వచ్చే బుస్సు శబ్దం, బ్రేకు గాలి కారుతున్న సన్నని సవ్వడి. ఇవన్నీ సైలెన్సర్ లేని గర్జనలో మునిగిపోతాయి. బిగ్ ఎండ్ బేరింగ్ కొట్టుకోవడం మొదలైన రోజే వినపడితే ఒక సెట్ బేరింగులతో పోతుంది. వారం ఆలస్యమైతే క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగ్‌కు పోవాలి, ఇంకా ఆలస్యమైతే బ్లాకే పోతుంది. ఒక శాతం పవర్ కోసం ఈ ముందస్తు కబురును పోగొట్టుకోవడం ఏ లెక్కన చూసినా నష్టం బేరం.

చెవికే జరిగే హాని ఇంకా పెద్దది. 85 డెసిబెళ్ల శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదని వృత్తి ఆరోగ్య నిపుణుల ప్రమాణం. 3 డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది, 94 దగ్గర గంటే మిగులుతుంది. డ్రైవర్ కూర్చునేది రోజుకు పది పన్నెండు గంటలు. శబ్దంతో పోయే వినికిడి ముందు సన్నని శబ్దాల దగ్గర మొదలవుతుంది. అంటే టర్బో ఈల, గాలి లీకు సవ్వడి లాంటివే ముందు వినపడకుండా పోతాయి. పోయిన వినికిడి తిరిగి రాదు. క్యాబిన్ కిందే పైపు ఆగిపోతే గేర్ రాడ్ రబ్బరు సందుల్లోంచి పొగ లోపలికి వస్తుంది. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2012లోనే తేల్చింది. ఓనర్ ఇంట్లో ఉంటాడు, ఆ పొగ పీల్చేది డ్రైవర్, క్లీనర్. ఈ నిర్ణయం తీసుకునేటప్పుడు వాళ్ల మాట కూడా అడగాలి.

ఇప్పుడు బీఎస్-6 బండి దగ్గరకు వద్దాం. అక్కడ ఛాసిస్ పక్కన బీరువా సైజులో కనిపించే డబ్బాను కూడా అందరూ సైలెన్సర్ అనే పిలుస్తారు. శబ్దం తగ్గించడం దాని పనుల్లో చిన్నది. ముందు ఆక్సిడేషన్ క్యాటలిస్ట్ ఉంటుంది. తర్వాత డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్, అంటే డీపీఎఫ్, తేనెపట్టులాంటి సిరామిక్ గోడల గుండా గ్యాసును పంపి మసిని పట్టేస్తుంది. ఆ తర్వాత యూరియా ద్రావణం చిమ్మే నాజిల్, నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, నీటిగా మార్చే ఎస్‌సీఆర్ క్యాటలిస్ట్. వీటి చుట్టూ వేడి కొలిచేవి, ఒత్తిడి తేడా కొలిచేవి, నైట్రోజన్ ఆక్సైడ్లు కొలిచేవి సెన్సర్లు. భారీ ఇంజన్లకు బీఎస్-4లో కిలోవాట్ గంటకు 3.5 గ్రాములుగా ఉన్న నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి బీఎస్-6లో అర గ్రాము లోపుకు దిగిపోయింది. ఆ దూరాన్ని దాటించేది ఈ డబ్బాయే.

ఇంజన్ కంప్యూటర్ ఈ డబ్బాతో నిమిషం నిమిషం మాట్లాడుతూనే ఉంటుంది. డబ్బా కోసి మామూలు గొట్టం వేస్తే డీపీఎఫ్ ముందూ వెనకా ఒత్తిడి తేడా సున్నా చూపిస్తుంది, నైట్రోజన్ ఆక్సైడ్ల అంకె ఆకాశానికి ఎగురుతుంది. ఏదో ట్యాంపరింగ్ జరిగిందని కంప్యూటర్‌కు అర్థమైపోతుంది. బీఎస్-6కు మాతృక అయిన యూరో 6 నిబంధనల్లో ఇలాంటప్పుడు మొదట ఇంజన్ టార్క్ 25 శాతం తగ్గించాలని, అప్పటికీ సరిచేయకపోతే బండిని గంటకు 20 కిలోమీటర్లకు కట్టేయాలని రాసి ఉంది. ఒక శాతం పుల్లింగ్ కోసం మొదలుపెట్టిన పని పాతిక శాతం పోగొట్టి ఆపుతుంది.

దీనికి విరుగుడుగా సాఫ్ట్‌వేర్ మార్చి, సెన్సర్ల స్థానంలో తప్పుడు సంకేతాలిచ్చే డబ్బాలు పెట్టే వ్యాపారం నడుస్తోంది. ఇక్కడే ఇంజన్ ఆరోగ్యానికి అసలు గండం. బీఎస్-6 ఇంజన్‌లో డీజిల్ చిమ్మే సమయం, మండిన గ్యాసులో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ ఎంత తెరవాలి, టర్బో ఎంత తిరగాలి అన్నవన్నీ ఆ డబ్బా ఉంటుందని, అది పెట్టే అడ్డు ఉంటుందని లెక్కగట్టి రాసినవి. ఎగ్జాస్ట్ వైపు ఒత్తిడి ఇన్‌టేక్ కంటే ఎక్కువ ఉంటేనే ఈజీఆర్‌లో గ్యాసు ప్రవహిస్తుంది. అడ్డు తీసేస్తే ఆ లెక్క తప్పుతుంది. డీపీఎఫ్‌లో చేరిన మసిని కాల్చడానికి కొన్ని ఇంజన్లు పవర్ స్ట్రోక్ చివర్లో అదనంగా డీజిల్ చిమ్ముతాయి. ఆ ప్రోగ్రాం సరిగ్గా ఆగకపోతే మండని డీజిల్ బోరు గోడల మీద పడి ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతూ పోతుంటే, వాసనలో డీజిల్ తెలుస్తుంటే అది ఈ రోగమే అయి ఉండొచ్చు. పల్చబడిన ఆయిల్‌తో మొదట పోయేవి టర్బో బేరింగులు, క్రాంక్ బేరింగులు. పైగా "ఎలాగూ మార్చాం కదా" అని డీజిల్ పోత కూడా పెంచుతారు. అప్పుడు పవర్ పెరిగిన మాట నిజమే, కానీ ఆ పెరుగుదల సైలెన్సర్ తీసినందుకు కాదు, డీజిల్ ఎక్కువ తగలబెట్టినందుకు. పిస్టన్లు, హెడ్డు, క్లచ్ ఆ వేడికీ బరువుకూ తయారైనవి కావు.

అమెరికాలో ఈ జబ్బు ముదిరింది. అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2020 నవంబర్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం దశాబ్ద కాలంలో 5,50,000కు పైగా డీజిల్ పికప్ ట్రక్కుల నుంచి ఉద్గార నియంత్రణ పరికరాలను తీసేశారు. ఆ పరికరాలు, సాఫ్ట్‌వేర్లు అమ్మిన కంపెనీల మీద ఆ సంస్థ వరసగా కేసులు పెట్టింది. అక్కడ డీజిల్ పికప్ నడిపే మనవాళ్లు కూడా మామూలు మఫ్లర్ (సైలెన్సర్) మార్పుకూ, డీపీఎఫ్ తొలగింపుకూ మధ్య ఉన్న గీతను గుర్తుపెట్టుకోవాలి. రెండోది అక్కడి ఫెడరల్ చట్టానికి విరుద్ధం.

డీపీఎఫ్ పీకేయాలనే ఆలోచన ఎక్కువ మందికి అది మాటిమాటికీ పూడిపోవడం వల్లే వస్తుంది. అది పూడటం వెనక దాదాపు ఎప్పుడూ ఇంకో కారణం ఉంటుంది. కారుతున్న ఇంజెక్టర్, ఆయిల్ వదులుతున్న టర్బో సీలు, బీఎస్-6కు తగిన తక్కువ బూడిద ఆయిల్ బదులు చౌక ఆయిల్ పోయడం, కిరోసిన్ కలిసిన డీజిల్, రోజంతా ఊళ్లో చిన్న చిన్న ట్రిప్పులు తిప్పడం, మసి కాలే ప్రక్రియ నడుస్తుండగా ఇంజన్ ఆపేయడం. కారణం సరిచేసి, వర్క్‌షాప్‌లో స్కానర్‌తో రీజెనరేషన్, అంటే మసిని కాల్చే పని, చేయించి, బూడిద పేరుకుంటే ఫిల్టర్ విప్పి శుభ్రం చేయిస్తే అది మళ్లీ పని చేస్తుంది. యూరియాను నీళ్లు కలిపి సాగదీయడం కూడా మానుకోవాలి. దాని గాఢత 32.5 శాతం ఉండాలి, తేడా వస్తే కంప్యూటర్ పట్టేస్తుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. ప్రతి మోటారు వాహనానికీ సైలెన్సర్ ఉండి తీరాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 120వ నియమం చెబుతుంది. శబ్దం, కాలుష్యం ప్రమాణాలు ఉల్లంఘిస్తే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు లేదా 10,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్స్‌కు అనర్హత. బండిని మార్చిన ఓనర్ మీద 182ఎ సెక్షన్ విడిగా ఉంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర ఫిట్‌నెస్ కోసం పాత సైలెన్సర్ బిగించి, వచ్చాక విప్పేసే అలవాటు రోడ్డు మీద తనిఖీలో కాపాడదు.

పాత బండికి సైలెన్సర్ మార్చాల్సి వస్తే పైపు లోపలి వ్యాసం కంపెనీది ఎంతో అంతకు తగ్గకుండా చూసుకోవాలి. బజారులో చౌకగా దొరికే వాటిలో బయటి డబ్బా సరిగ్గానే ఉంటుంది, లోపలి గొట్టం సన్నగా ఉంటుంది. జాలీ పైపు కూడా అదే పనిలో మార్చేయడం మంచిది.

సెకండ్‌హ్యాండ్ బీఎస్-6 లారీ కొనేవాళ్లకు ఇంకో జాగ్రత్త అవసరం. ఇంతకుముందు ఓనర్ డబ్బా ఖాళీ చేసి, పైకి మామూలుగా కనిపించేలా మళ్లీ వెల్డింగ్ చేయించి ఉండొచ్చు. ఇంజన్ ఆపి, చల్లారాక టెయిల్ పైపు లోపల తెల్లగుడ్డతో గట్టిగా తుడిచి చూడాలి. డీపీఎఫ్ బతికి ఉన్న బండిలో గుడ్డ దాదాపు శుభ్రంగా వస్తుంది. కాటుకలా నల్లగా అంటితే ఫిల్టర్ పగిలిందనో, లేదనో అర్థం. డబ్బా అంచుల వెంట కంపెనీ వెల్డింగ్ సన్నగా, ఒకే తీరుగా ఉంటుంది. దాని మీద ఇంకో వరస కనిపిస్తే అనుమానించాలి. నైట్రోజన్ ఆక్సైడ్ సెన్సర్ వైరు నేరుగా సాకెట్‌లోకి పోతోందో, మధ్యలో టేపు చుట్టిన చిన్న డబ్బా ఏదైనా ఉందో చేత్తో తడిమి చూడాలి. ఆ తర్వాత కంపెనీ సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టించి, సాఫ్ట్‌వేర్ కంపెనీదేనా అని, చివరిసారి రీజెనరేషన్ ఎప్పుడు జరిగిందని అడగాలి. రీజెనరేషన్ అసలు నమోదే కాలేదంటే, డబ్బా మొత్తం కొత్తది వేయించే ఖర్చు ధరలో తగ్గించుకోకుండా ఆ బండికి అడ్వాన్స్ ఇవ్వకూడదు.